ఉడుకు నీళ్లలో కాళ్లు పెట్టి కూర్చుంటే నిజంగా లాభమేనా? ఎవరికి, ఎంతసేపు?

రమ్య_హన్మకొండ
అందరికీ నమస్తే. మా అత్తమ్మకు 62 ఏళ్లు. మోకాళ్ల నొప్పులున్నాయి, షుగర్ కూడా ఉంది. చలి మొదలైనప్పటి నుంచి రోజూ రాత్రి టబ్బులో ఉడుకు నీళ్లు పోయించుకుని, గుప్పెడు దొడ్డుప్పు వేసుకుని అరగంట కాళ్లు పెట్టి కూర్చుంటోంది. నొప్పులు తగ్గుతున్నాయి, నిద్ర బాగా పడుతోంది అంటుంది. మా ఆయనేమో ఇదంతా ఉత్త నమ్మకం అంటాడు. మా ఆడబిడ్డ వీడియోలు చూసి బీపీ, గుండె, థైరాయిడ్ అన్నీ దీంతోనే తగ్గుతాయని ఫోన్ చేసి మరీ చెప్తోంది. వాళ్లిద్దరి మధ్య నీళ్లు కాచేది మాత్రం నేను. అసలు లాభం ఏముంటుందో తెలిసినవాళ్లు చెప్పండి. ఇంకో మాట. నేను చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, ఆమె మాత్రం "ఇవేం నీళ్లే, సల్లగున్నయ్, ఇంకో చెంబు పొయ్యి" అంటుంది.

జగిత్యాల_గల్ఫ్
నేను దుబాయ్‌లో హోటల్ హౌస్‌కీపింగ్‌లో చేస్తాను అక్కా. మా దగ్గర వేడి నీళ్ల తొట్టి ముందర బోర్డు ఉంటుంది: 40 డిగ్రీలు దాటొద్దు, 15 నిమిషాలకు మించి కూర్చోవద్దు, గర్భిణులు, గుండె జబ్బులున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా దిగొద్దు, మందు తాగి దిగొద్దు. డబ్బు కట్టి వచ్చిన గెస్టులకే అన్ని కండిషన్లు పెడుతున్నారంటే దీంట్లో ఏదో బలం ఉన్నట్టే కదా. ఉత్త నమ్మకమైతే బోర్డు ఎందుకు?

కాజీపేట_ఫిజియో
బలం ఉంది. కానీ ఏ పనికి ఎంత అన్నది విడివిడిగా చూడాలి రమ్యగారూ.

వేడి తగిలితే చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి, బిగుసుకున్న కండరం సడలుతుంది, కీలు పట్టేసినట్టుండటం తగ్గుతుంది. ఇది వేడి చేసే పని. నీళ్లు చేసే పని ఇంకొకటుంది. నడుము లోతు నీళ్లలో నిలబడితే ఒంటి బరువులో దాదాపు సగం నీళ్లే మోస్తాయి. మెడదాకా మునిగితే కాళ్ల మీద పడే బరువు పదో వంతుకు వస్తుంది. అరిగిన మోకాళ్లవాళ్లతో నీళ్లలో నడిపించేది అందుకే. నేల మీద నాలుగు అడుగులకే మూలిగేవాళ్లు కూడా నీళ్లలో హాయిగా నడుస్తారు.

మీ అత్తమ్మగారి టబ్బులో మునిగేది పాదాలే. మోకాలికి ఆ వేడి అందదు, బరువూ తగ్గదు. మోకాలికి కావాలంటే వేడి నీళ్లలో పిండిన తువ్వాల మోకాలికే చుట్టాలి. పది నిమిషాలు అలా ఉంచి, వెంటనే వ్యాయామం చేయించాలి. మంచం మీద కాళ్లు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాల పెట్టి, మోకాలితో దాన్ని కిందికి అదిమి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. కాపడం సగం పనే, తొడ కండరం గట్టిపడితేనే మిగతా సగం. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఆ మొదటి సగం దగ్గరే ఆగిపోతారు. హాయిగా ఉండేది అదే మరి.

నిరూపణ_కావాలి
నిద్ర విషయంలో మాత్రం అత్తమ్మదే గెలుపు. నిద్రవేళకు ఒంటి లోపలి వేడి కొంచెం దిగాలి. ఆ వేడి బయటికి పోయేది ఎక్కువగా అరచేతులు, అరికాళ్ల నుంచి. కాళ్లు వెచ్చబడితే అక్కడి రక్తనాళాలు తెరుచుకుని లోపలి వేడి బయటికి పోతుంది. 1999లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పరిశోధకులు నేచర్ పత్రికలో రాసింది ఇదే: కాళ్లూ చేతులూ వెచ్చగా ఉన్నవాళ్లకు నిద్ర త్వరగా పడుతుంది. 2019లో టెక్సస్ యూనివర్సిటీ వాళ్లు పాత అధ్యయనాలన్నీ ఒకచోట చేర్చి చూశారు. 40 నుంచి 42.5 డిగ్రీల నీళ్లతో, పడుకోవడానికి గంటా రెండు గంటల ముందు స్నానం చేసినా, కాళ్లు పెట్టుకున్నా సగటున పది నిమిషాలు ముందుగా నిద్ర పడుతోందని తేలింది. పది నిమిషాలు కూర్చున్నా చాలట. అరగంట అక్కర్లేదు. టబ్బులోంచి లేచి నేరుగా మంచమెక్కడం కన్నా భోజనాల వేళకు ముందే ముగించుకోవడం మేలు.

థైరాయిడ్ మాటకొస్తే, దానికీ టబ్బుకూ సంబంధం లేదు. ఆ వీడియో చేసినవాళ్లకు వ్యూస్ వస్తాయి, అంతే.

డ్రెస్సింగ్_రూమ్_అక్క
ఆగండి. అందరూ నిద్ర, మోకాళ్లు అంటున్నారు. రమ్య చివర్లో రాసిన మాట ఎవరూ పట్టించుకోలేదు.

షుగర్ ఉన్న మనిషి, కోడలి చేతికి చురుక్కుమనే నీళ్లు కాళ్లకు చల్లగా ఉన్నాయంటోంది. రమ్యా, అత్తమ్మకు అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు, సూదులు గుచ్చినట్టు ఉండటం ఉన్నాయా? చెప్పు జారిపోయినా తెలియకుండా నడుస్తోందా? ఇవి అడిగి చెప్పు. అప్పటిదాకా ఈ రాత్రి నుంచి ఆ టబ్బు పక్కన పెట్టు. గొడవైనా సరే.

చాలా ఏళ్లు షుగర్ ఉంటే పాదాల నరాలు దెబ్బతింటాయి. వేడి తెలియదు, నొప్పి తెలియదు. 60 డిగ్రీల నీళ్లు ఐదారు సెకన్లలో చర్మాన్ని కాల్చేస్తాయి. అంతకన్నా తక్కువ వేడైనా అరగంట నానితే పొక్కులు లేస్తాయి. తెల్లారి దుప్పటికి తడి అంటుకుంటే గానీ మనిషికి తెలియదు. ఆ పొక్కు పగిలి పుండవుతుంది, రక్తప్రసరణ సరిగా లేని కాలికి అది మానదు. మా వార్డులో వేలు తీసేసే దాకా వచ్చిన కేసుల్లో ఉడుకు నీళ్లు, వేడి ఇటుక కాపడం, మే నెలలో ఒట్టి కాళ్లతో గుడి చుట్టూ ప్రదక్షిణాలు, ఈ మూడూ మళ్లీ మళ్లీ వింటాను. కాలకపోయినా, రోజూ అరగంట నానితే తోలు ఎండి మడమలు పగుళ్లిస్తాయి, ఆ పగులే సూక్ష్మజీవులకు దారి. షుగర్ ఉన్నవాళ్లు కాళ్లు నానబెట్టొద్దని డాక్టర్లు చెప్పేది అందుకే. గోరువెచ్చని నీళ్లతో కడుక్కోవచ్చు, నానబెట్టకూడదు.

రమ్య_హన్మకొండ
అక్కా, భయమైంది. అడిగాను. తిమ్మిర్లు ఎప్పటి నుంచో ఉన్నాయట, వయసు కదా అనుకుని చెప్పలేదట. చెప్పు సంగతి కూడా నిజమే, మొన్న భద్రకాళి గుడికి పోయినప్పుడు ఒక చెప్పు మెట్ల దగ్గరే ఊడిపోతే మా పాప చూసి తెచ్చింది. రేపే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాను.

లెక్కల_మాస్టారు_ఆదిలాబాద్
మంచి పని చేస్తున్నారమ్మా. షుగర్ లేనివాళ్ల కోసం ఒక లెక్క చెప్తాను. మా దగ్గర చలికాలం ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగుతుంది కాబట్టి ఇంటింటా కాగు పొయ్యి మీదే ఉంటుంది, ఎవరికీ థర్మామీటర్ ఉండదు.

మరిగే నీళ్లు 100 డిగ్రీలు. కుళాయి నీళ్లు 25 డిగ్రీలనుకుంటే, ఒక చెంబు మరిగే నీళ్లకు నాలుగు చెంబుల చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీలు వస్తాయి. చలికాలం నీళ్లు 20 డిగ్రీలుంటే ఒకటికి మూడు చాలు. పొయ్యి మీంచి దించి తెచ్చేలోపు కొంత చల్లారుతుంది కాబట్టి నిజానికి ఒకటి రెండు డిగ్రీలు తక్కువే వస్తుంది, మంచిదే. ముందు చన్నీళ్లు పోసి, తర్వాత ఉడుకు నీళ్లు కలపాలి. తిరగేసి పోస్తే పిల్లలు తొందరపడి కాలు పెట్టేస్తారు. మధ్యలో మళ్లీ వేడి నీళ్లు కలపాలంటే కాళ్లు బయటికి తీశాకే. చూసేది పాదంతో కాదు, మోచేతితో.

వాటర్ హీటర్ రాడ్ వాడేవాళ్లకు ఇంకో మాట. స్విచ్ కట్టేసి ప్లగ్గు పీకాకే నీళ్లలో వేలు పెట్టండి. స్టీలు, అల్యూమినియం బకెట్లలో రాడ్ పెట్టొద్దు. ప్రతి చలికాలం మా జిల్లా పేపర్లో ఒక వార్త తప్పడం లేదు.

ఇక మే నెలలో ఈ చర్చే అక్కర్లేదు. మధ్యాహ్నం పైన ట్యాంకు నుంచి వచ్చే నీళ్లే 40 డిగ్రీలుంటాయి, ఫ్రీగా.

సిరిసిల్ల_సాంచ
మాస్టారూ, లెక్క బాగుంది. నాదో ప్రశ్న. నేను సాంచాల (మరమగ్గాల) మీద పన్నెండు గంటలు నిలబడి చేస్తాను. షుగర్ లేదు. పిక్కల మీద నరాలు వానపాముల్లా తేలి ఉంటాయి, సాయంత్రానికి కాళ్లు వాచి మొద్దుల్లా అవుతాయి. ఉడుకు నీళ్లలో పెడితే పెట్టినంతసేపు బాగుంటుంది, తీశాక ఇంకా బరువెక్కుతాయి. ఎందుకు?

రెండోది, మా ఊరి ఫంక్షన్ హాల్లో ఈ మధ్య ఒక క్యాంపు పెట్టారు. ఒక మిషన్ ఉన్న టబ్బులో నీళ్లు పోసి, ఉప్పేసి కాళ్లు పెట్టమంటారు. అరగంటకు నీళ్లు ఇటుక రంగుకు వస్తాయి, మీద నురగ. ఒంట్లో విషమంతా దిగింది చూడండి అంటారు. ఒక్కసారికి 500. మా ఖార్ఖానాలో సగం మంది పోయివచ్చారు. రంగు మాత్రం కళ్లారా చూశాను.

కాజీపేట_ఫిజియో
అన్నా, ముందు కాళ్ల సంగతి. మీరు నరాలంటున్నవి రక్తనాళాలు. అవి ఉబ్బాయంటే రక్తాన్ని పైకి పంపే కవాటాలు సరిగా మూసుకోక కింద నిలవ ఉండిపోవడం. వేడికి ఆ రక్తనాళాలు ఇంకా సాగుతాయి, ఇంకా రక్తం నిలుస్తుంది. బరువెక్కేది అందుకే. మీకు కావాల్సింది తిరగబడ్డ వైద్యం. సాయంత్రం చన్నీళ్లు కాళ్ల మీద పోసుకుని, పడుకుని, గుండె కన్నా ఎత్తులో కాళ్లు దిండ్ల మీద పెట్టండి. పనిలో ఉన్నప్పుడు మడమలు పైకి కిందికి ఎత్తుతూ ఉంటే పిక్క కండరం రక్తాన్ని పైకి తోస్తుంది. బిగుతు మేజోళ్లు దొరుకుతాయి, కొలత డాక్టరే చెప్పాలి. ఒక్క కాలే హఠాత్తుగా వాచి నొప్పి పెడితే ఇవేమీ చేయకుండా అదే రోజు ఆసుపత్రికి పోండి.

నిరూపణ_కావాలి
మిషన్ సంగతి నేను చెప్తాను. టబ్బులో రెండు లోహపు కడ్డీలుంటాయి, వాటి మధ్య కరెంటు. ఉప్పు నీళ్లలో కరెంటు పోతే కడ్డీలోని ఇనుము కరిగి తుప్పుగా తేలుతుంది. ఇటుక రంగు అదే. నురగకు కాలి మురికి, సబ్బు, నూనె చాలు. ఇది తేల్చడానికి ల్యాబు కూడా అక్కర్లేదన్నా. ఈసారి వాళ్లు వచ్చినప్పుడు కాళ్లు పెట్టకుండా మిషన్ ఆన్ చేయమనండి. రంగు వస్తే ఆ విషం ఎవరిదో వాళ్లనే అడగండి. ఒంట్లోంచి అక్కర్లేనివి తీసేది కాలేయం, మూత్రపిండాలు. అరికాలికి ఆ డ్యూటీ లేదు.

సిరిసిల్ల_సాంచ
నిన్న మళ్లీ వచ్చారు. మా దోస్తు ఒకడు కాళ్లు పెట్టకుండా ఆన్ చేయమన్నాడు. గ్యారంటీ పోతుంది, మిషన్ కాలిపోతుంది అన్నారట. సరే, నేనే ఇంట్లో పాత మొబైల్ ఛార్జర్ తీగతో రెండు ఇనుప మేకులు ఉప్పు నీళ్లలో పెట్టి చూద్దామనుకుంటున్నా.

లెక్కల_మాస్టారు_ఆదిలాబాద్
ఛార్జర్‌తో వద్దయ్యా. చిన్న 9 వోల్టుల బ్యాటరీ చాలు. గాజు గ్లాసులో చేయి, కిటికీ తెరిచి ఉంచు, ఉప్పు నీళ్ల నుంచి కొంచెం క్లోరిన్ వాసన వస్తుంది. మా తొమ్మిదో తరగతి పిల్లలకు నేనే చేసి చూపిస్తాను. వీడియో తీసి ఖార్ఖానాలో అందరికీ చూపించు.

మెట్‌పల్లి_లత
మా అమ్మ ఏళ్ల తరబడి బీడీలు చుట్టింది. ఇప్పుడు కీళ్లవాతం, పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవు, చెంబు కూడా పట్టుకోలేదు. షుగర్ లేదు. చేతులు వేడి నీళ్లలో పెట్టొచ్చా? ఎప్సమ్ సాల్ట్ వేస్తే మెగ్నీషియం ఒంట్లోకి పోయి నొప్పి తగ్గుతుందని మెడికల్ షాపులో ఇచ్చారు.

కాజీపేట_ఫిజియో
పెట్టొచ్చు లతగారూ, ఈ పద్ధతి బాగా పనికొచ్చే చోటు ఇదే. పొద్దున గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పది నిమిషాలు చేతులుంచి, నీళ్లలోనే గుప్పిట ముడిచి తెరవమనండి. స్పాంజి ముక్క ఇస్తే ఇంకా మంచిది. పట్టేసినట్టుండటం తగ్గాక పనులు చేసుకుంటుంది. కానీ కీలు ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా ఉండి, వాచిన రోజుల్లో ఉడుకు నీళ్లు వద్దు. అప్పుడు చల్లని కాపడం. బొటనవేలి వాతానికీ, కొత్తగా బెణికిన మడమకూ అంతే, మొదటి రెండు రోజులు ఐసే. డాక్టర్ రాసిన కీళ్లవాతం మందులు మాత్రం ఆపొద్దు. నీళ్లు పట్టును వదిలిస్తాయి, కీలు లోపల అరగడాన్ని ఆపలేవు.

ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్. అది చర్మం దాటి లెక్కలోకి వచ్చేంతగా లోపలికి పోతుందనడానికి గట్టి ఆధారం లేదు. హాయి ఇచ్చేది వేడి నీళ్లే. కొన్నది కొన్నారు, వేసుకోండి. అయిపోయాక మళ్లీ కొనకండి.

బొగ్గుబాయి_రిటైర్డ్
ఉప్పులు, మిషన్లు అన్నీ మాట్లాడుతున్నారు, మా వైపు సంగతి ఎవరూ ఎత్తలేదు. మణుగూరు దగ్గర పగిడేరులో బోరు నుంచి వేడి నీళ్లే వస్తాయి. సింగరేణి వాళ్లు ఆ వేడితో కరెంటు తీయడానికి 20 కిలోవాట్ల చిన్న ప్లాంటు ప్రయోగంగా పెట్టారు. భద్రాచలానికి ఐదు కిలోమీటర్ల దూరంలో గుండాల దగ్గర గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడి నీళ్లు ఊరుతాయి. జనం భక్తితో చల్లుకుంటారు, చర్మరోగాలు పోతాయంటారు. మేం బాయిలో షిఫ్టు దిగాక నడుము పట్టేస్తే సెలవు రోజు అటు పోయేవాళ్లం. రోగాల సంగతి నాకు తెలియదు గానీ నడుము మాత్రం సడలేది.

డ్రెస్సింగ్_రూమ్_అక్క
బాబాయ్, నడుముకు మంచిదే. కానీ తామర, పుండ్లు, గజ్జి ఉన్నవాళ్లు పదిమంది దిగే నీళ్లలో దిగొద్దు. వాళ్లకూ మంచిది కాదు, మిగతావాళ్లకూ కాదు. చర్మం ఎండి దురద పెట్టేవాళ్లకైతే ఉడుకు నీళ్లు దురదను పెంచుతాయి. నాట్ల కాలంలో వేళ్ల సందులు ఒరుసుకుపోయి వచ్చే అక్కలకు కూడా చెప్తుంటాను, బురద కడిగి పొడి గుడ్డతో సందులు తుడుచుకోండి, నానబెట్టకండి అని. పొద్దంతా నీళ్లలోనే ఉన్న కాళ్లను రాత్రి మళ్లీ నీళ్లలో పెట్టడమేంటి!

కరీంనగర్, పెద్దపల్లి వైపు బోదకాలు ఉన్నవాళ్లు కూడా వినండి. ఆ కాలికి ఉడుకు నీళ్లు వద్దు. మామూలు నీళ్లు, సబ్బు, మడతల్లో మెత్తగా కడిగి పూర్తిగా ఆరేదాకా అద్దడం, కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టడం. జ్వరం వచ్చి కాలు ఎర్రబడే సారులు దీంతోనే తగ్గుతాయి.

జగిత్యాల_గల్ఫ్
గుండె సంగతి మిగిలిపోయింది. జపాన్ వాళ్లు రోజూ మునిగి స్నానం చేస్తారు, అందుకే వాళ్లకు గుండెపోటు తక్కువ అంటారు కదా?

నిరూపణ_కావాలి
ఆ అధ్యయనం ఉంది. 2020లో హార్ట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 30 వేల మందిని దాదాపు 20 ఏళ్లు గమనించారు. వారానికి రెండుసార్లు, అంతకన్నా తక్కువ తొట్టి స్నానం చేసినవాళ్లతో పోలిస్తే, దాదాపు రోజూ చేసినవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు 28 శాతం తక్కువ. వేడికి రక్తనాళాలు తెరుచుకుని బీపీ కాసేపు దిగుతుంది, గుండె కొంచెం వేగంగా కొట్టుకుంటుంది, మెల్లగా నడిచినంత పని. కాబట్టి నమ్మదగినదే. కానీ రోజూ తీరిగ్గా తొట్టిలో కూర్చోగలిగినవాళ్లు మిగతా విషయాల్లో కూడా ఆరోగ్యంగా ఉండొచ్చు, ఇలాంటి లెక్కల్లో ఆ ముడి పూర్తిగా విప్పలేం. పైగా వాళ్లది మునిగి కూర్చునే స్నానం, మనది బకెట్, చెంబు.

అదే జపాన్‌లో చలికాలం తొట్టిలో కళ్లు తిరిగి మునిగి చనిపోయే ముసలివాళ్లు కూడా ఎక్కువే. చల్లటి గదిలోంచి వేడి నీళ్లలోకి, మళ్లీ చలిలోకి వెళ్తే బీపీ అటూ ఇటూ ఊగుతుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు కాళ్లు తీసి వెంటనే నిలబడొద్దు. కాసేపు కూర్చుని లేవాలి.

రమ్య_హన్మకొండ
డాక్టర్ దగ్గరికి పోయివచ్చాం. సన్నటి నైలాన్ దారం లాంటిది పాదాలకు ఆనించి, తగిలిందా అని కళ్లు మూయించి అడిగాడు. కుడి పాదంలో చాలా చోట్ల ఆమెకు తెలియలేదు. తర్వాత శృతి దండం లాంటిది పెట్టి ఒణుకు తెలుస్తోందా అని కూడా చూశాడు. కాళ్లు నానబెట్టడం పూర్తిగా బంద్ అన్నాడు. రోజూ కాళ్లు చూసుకోవాలి, అరికాలు కనబడకపోతే అద్దం పెట్టుకోవాలి, కడిగాక వేళ్ల సందులు తుడవాలి, కొబ్బరినూనె పాదానికి రాయొచ్చు గానీ సందుల్లో వద్దు, ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి అన్నాడు. మోకాళ్లకు తువ్వాల కాపడం పెట్టుకోవచ్చు, వేడి నేను చూసి ఇస్తే.

అత్తమ్మ రెండు రోజులు అలిగింది. నిద్ర పట్టడం లేదని రాత్రి పదింటికి నన్ను లేపి మరీ చెప్పింది. ఏం చేయాలి?

కాజీపేట_ఫిజియో
రాత్రి భోజనానికి ముందు వెచ్చని నీళ్లతో వీపు మీద చెంబులతో పోసి స్నానం చేయించండి. మీరే చేత్తో చూసి పోయండి. నిద్రకు కావాల్సిన వేడి ఒంటికి అలా కూడా అందుతుంది. తర్వాత వదులుగా ఉండే నూలు మేజోళ్లు వేయండి. వేడి నీళ్ల సంచి మాత్రం కాళ్ల దగ్గర పెట్టొద్దు.

పరకాల_శ్రావణి
నాకు రెండో నెల. నడుము నొప్పికి వేడి నీళ్లలో కూర్చోవచ్చా? మా అమ్మ ప్రసవం అయ్యాక వావిలాకు నీళ్లు పోస్తానంటోంది, అది కూడా చెప్పండి.

డ్రెస్సింగ్_రూమ్_అక్క
చెల్లె, గోరువెచ్చని స్నానం హాయిగా చెయ్యి. ఎక్కువ వేడి నీళ్లలో మునిగి కూర్చోవద్దు, ముఖ్యంగా మొదటి మూడు నెలలు. తల్లి ఒంటి లోపలి వేడి 39 డిగ్రీలు దాటితే బిడ్డ మెదడు, వెన్నుపాము ఏర్పడే దశకు మంచిది కాదు. వావిలాకు నీళ్లు ప్రసవం తర్వాత పోసుకోవచ్చు, ఒళ్లు నొప్పులకు బాగుంటుంది. మరీ సలసల కాగినవి వద్దు, బాలింతకు కళ్లు తిరుగుతాయి. ఆపరేషన్ అయితే కుట్లు మానేదాకా నీళ్లలో కూర్చోవద్దు.

కొత్త_మెంబర్_పెద్దపల్లి
అక్కా, అడగడానికి సిగ్గుగా ఉంది. మొలలు. డాక్టర్ వేడి నీళ్ల టబ్బులో కూర్చోమన్నాడు, ఎలాగో చెప్పకుండానే తర్వాతి పేషెంట్‌ను పిలిచాడు.

డ్రెస్సింగ్_రూమ్_అక్క
సిగ్గెందుకు తమ్ముడూ, ఈ చర్చలో నీళ్ల వల్ల ఖాయంగా లాభం ఉన్న కేసు నీదే. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి, పిర్రలు మునిగేలా 10 నుంచి 15 నిమిషాలు కూర్చో. రోజుకు రెండు మూడు సార్లు, దొడ్డికి పోయివచ్చాక తప్పకుండా. మలద్వారం కండరం బిగుతు సడలి నొప్పి తగ్గుతుంది. ఉప్పు, డెట్టాల్ ఏమీ వద్దు, మండుతాయి. లేచాక రుద్దకు, మెత్తటి గుడ్డతో అద్దు. నీళ్లు బాగా తాగు, పీచు ఉన్న కూరలు తిను, ముక్కకు విరామం ఇవ్వు. రక్తం ఆగకుండా పడినా, నల్లగా విరేచనమైనా డాక్టర్ దగ్గరికి పో.

కొత్త_మెంబర్_పెద్దపల్లి
సరే అక్కా. టబ్బు ఏ సైజు తేవాలి?

డ్రెస్సింగ్_రూమ్_అక్క
షాపులో ఎవరూ చూడనప్పుడు కూర్చుని చూసి తెచ్చుకో. లేచేటప్పుడు పట్టుకోవడానికి పక్కన కుర్చీ పెట్టుకో.